ఫైటర్ చేపకు పొరుగు ఎవరు?

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను సూర్యాపేటలో పనిచేస్తున్నాను. ఒక సోమవారం ఉదయం ప్రార్థన ముగించుకుని సైన్సు గదివైపు వెళ్తుంటే, ఎనిమిదో తరగతి అమ్మాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"సార్, గప్పీలు చచ్చిపోతున్నయి సార్!"

లోపలికి వెళ్ళి చూశాను. గాజు తొట్టి చుట్టూ పిల్లలు గుమిగూడి ఉన్నారు. శనివారం సాయంత్రం వరకు విసనకర్రల్లా ఊగిన గప్పీల తోకలు ఇప్పుడు చిరిగిన గుడ్డ పేలికల్లా ఉన్నాయి. రెండు మగ గప్పీలు నీటిపై తేలుతున్నాయి. మిగిలినవి ఫిల్టరు గొట్టం వెనుక నక్కి ఉన్నాయి. తొట్టి మధ్యలో నీలిరంగు ఫైటర్ చేప మాత్రం పట్టుచీర కుచ్చిళ్ళ వంటి వాజాలను విప్పుకుని, ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది.

గప్పీలు తెచ్చింది ఆ అమ్మాయే. ఫైటర్‌ను తెచ్చింది ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలు. మేనమామ పండక్కి ఇచ్చిన డబ్బుతో కొన్నదట. శనివారం నా దగ్గరకు తెచ్చి, "ఇది కూడా వెయ్యమంటరా సార్?" అని అడిగింది. "చిన్న చేపే కదా, వెయ్యమ్మా" అన్నాను.

ఇప్పుడు ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. ఒకామె కళ్ళలో నీళ్ళు. రెండో ఆమె తలెత్తి, "సార్, మీరే కదా వెయ్యమన్నరు?" అంది.

అవును, తప్పు నాదే. చేపల మొప్పల గురించి, రెండు గదుల గుండె గురించి పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. కాని ఒక చేప పక్కన మరొక చేప ఎలా బతుకుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆ మాటే తరగతిలో ఒప్పుకున్నాను. "ఎందుకిలా జరిగిందో అందరం కలిసి తెలుసుకుందాం" అన్నాను. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఇలాకా అంటే ఏమిటి?

మన వీధి కుక్కల్ని మీరు గమనించే ఉంటారు. పక్క వీధి కుక్క వస్తే గుర్రుమంటాయి. అది తోక ముడుచుకుని సరిహద్దు దాటితే ఊరుకుంటాయి. తిండి, గూడు, జోడు దొరికే కొంత చోటును తనదిగా భావించి ఇతరుల్ని రానీయకపోవడాన్ని మనం ఇలాకా కాపాడుకోవడం అనవచ్చు. కుక్కలే కాదు, పిట్టలు, తొండలు, తూనీగలు, చేపలు కూడా ఈ పని చేస్తాయి.

ఫైటర్ చేప సొంత ఊరు థాయిలాండు. అక్కడి వరి పొలాల్లో, పిల్ల కాలువల్లో, గడ్డి పెరిగిన నిలవ నీటిలో ఇది బతుకుతుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల ఎడమ కాలువ నీటితో పారే వరి మడులను తలచుకుంటే దాని ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలిసిపోతుంది. 1910లో రేగన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. థాయిలాండు ప్రభుత్వం 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

దీని తలలో మొప్పల పైభాగాన చిక్కుదారి వంటి ఒక అవయవం ఉంది. నీటి పైకి వచ్చి గుక్కెడు గాలి మింగితే, ఆ అవయవం గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. ఆక్సిజన్ తక్కువైన బురద నీటిలో కూడా ఇది బతకడానికి కారణం అదే. మగ చేప నోటితో గాలి బుడగలు చేసి నీటిపై గూడు కడుతుంది. ఆడ చేప పెట్టిన గుడ్లను నోటితో ఏరి ఆ బుడగల మధ్య అమర్చుతుంది. ఆపైన కాపలా పని మొత్తం తండ్రిదే. గుడ్లు పెట్టిన తల్లిని కూడా గూడు దగ్గరకు రానివ్వదు!

ఇప్పుడు ఆలోచించండి. తన గూటి పక్కకు మరొక మగ ఫైటర్ వస్తే అది ఏం కోరి వస్తుంది? అదే గూటి చోటు, అదే తిండి, అదే ఆడ చేప. అందుకే ఫైటర్‌కు అందరికంటే పెద్ద పోటీదారు మరొక ఫైటరే.

ఓడినవాడికి దారి ఏది?

మరి పొలంలో ఫైటర్లు ఒకదాన్నొకటి చంపుకోవా? అక్కడ చాలా తగాదాలు బెదిరింపుతోనే ముగుస్తాయి. రెండూ వాజాలు విప్పుతాయి, మొప్పల మూతలు గడ్డంలా పొంగిస్తాయి, తోకతో నీటిని కొడతాయి. కాసేపటికి ఒకటి వెనక్కి తగ్గి గడ్డిలోకి జారుకుంటుంది. గెలిచినది తన గూటికి తిరిగి వెళ్తుంది.

గాజు తొట్టిలో ఏమవుతుంది? ఓడిన చేప పారిపోతుంది. ఒక్క అడుగు దూరంలో గాజు గోడ తగులుతుంది. వెనక్కి తిరిగితే మళ్ళీ ఎదురుగా గెలిచిన చేప! "నేను ఓడాను, పోతున్నాను" అని చెప్పడానికి ఓడినదానికి దారి లేదు. "ఇది ఇంకా నా ఇలాకాలోనే ఉంది" అని గెలిచినది మళ్ళీ దాడి చేస్తుంది. పొలంలో రెండు నిమిషాల్లో తేలే తగాదా తొట్టిలో రెండు రోజులు సాగుతుంది.

దీనికి తోడు, మనిషి కొన్ని వందల ఏళ్ళుగా ఫైటర్లను పందేల కోసం, అందం కోసం ఏరి ఏరి పెంచాడు. అడవి ఫైటర్‌కు వాజాలు పొట్టివి, రంగు మందం. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి మనిషి తయారు చేసిన పొడుగు వాజాల చేపలు.

ఎర్ర బండిని బెదిరించిన చేప

అయితే గప్పీ ఫైటర్ కాదు కదా! దాన్ని ఎందుకు కొరికినట్టు?

దీనికి జవాబు హాలెండులో పుట్టిన నికో టింబర్గెన్ అనే శాస్త్రజ్ఞుడి పరిశోధనలో దొరుకుతుంది. ఆయన స్టికిల్‌బాక్ అనే వేలెడు చేపను గమనించాడు. గుడ్ల కాలంలో ఆ మగ చేప పొట్ట ఎర్రబడుతుంది. మరొక మగ చేప తన ఇలాకాలోకి వస్తే అది మీద పడుతుంది. టింబర్గెన్ చేప బొమ్మలు చేసి తొట్టిలో పెట్టి చూశాడు. అచ్చం చేపలాగే ఉన్నా ఎరుపు లేని బొమ్మను మగ చేపలు అంతగా పట్టించుకోలేదు. చేప ఆకారమే లేని ముద్ద బొమ్మకు కింద ఎరుపు పూస్తే మాత్రం విరుచుకుపడ్డాయి. కిటికీ పక్కన ఉంచిన తొట్టెల్లోని చేపలు వీధిలో పోయే ఎర్ర తపాలా బండిని చూసి కూడా ఆ వైపుకు దూసుకెళ్ళాయట!

అంటే చేప ఎదుటి చేపను నిలువెల్లా పరీక్షించి గుర్తుపట్టదు. ఒకటి రెండు గుర్తులు చూస్తుంది. ఆ గుర్తు కనిపిస్తే చాలు, శత్రువు వచ్చినట్టే. జంతువుల ప్రవర్తనపై చేసిన ఇటువంటి కృషికి టింబర్గెన్, కొన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్ ముగ్గురికీ కలిపి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

మా పిల్లలు దీన్ని పరీక్షించారు. బతికిన గప్పీలను ముందే బకెట్లోకి మార్చాం. కొన్నాళ్ళకు అవి కోలుకున్నాక, రెండు గాజు సీసాల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో మగ గప్పీని, మరొకదానిలో ఆడ గప్పీని ఉంచాం. సీసా మూతులు నీటిపైకి ఉండేలా రెంటినీ ఫైటర్ తొట్టిలో దించాం. ఫైటర్‌కు అవి కనిపిస్తాయి, కాని కొరకడానికి వీల్లేదు. పది నిమిషాలు, అంతే. ఫైటర్ ఏ సీసా వైపు వాజాలు విప్పి దూకిందో ఆ గడిలో ఒక గీత గీయాలి. గడియారం చూసే పని గప్పీల అమ్మాయికి, గీతలు గీసే పని ఫైటర్ అమ్మాయికి అప్పగించాను.

మగ గప్పీ గడి గీతలతో నిండింది. రంగు లేని, చిన్న తోక గల ఆడ గప్పీ గడిలో నాలుగైదు గీతలు కూడా పడలేదు. మూడు రోజులుగా మాట్లాడుకోని ఆ ఇద్దరు పిల్లలు, "తోక చూసి మోసపోయిందే!" అని ఒకేసారి అన్నారు. అప్పుడు గాని నాకు మనసు కుదుటపడలేదు.

కోదాడ ఏంజెల్, మిర్యాలగూడ కొర్రమీను

తొట్టిలో జరిగే ప్రతి గొడవా ఒకే రకం కాదు. మరో రెండు సంగతులు చెబుతాను.

కోదాడలో పనిచేసేటప్పుడు ఒక విద్యార్థి ఇంట్లో ఏంజెల్ చేపలు ఉండేవి. నెలల తరబడి బుద్ధిగా ఉన్న జంట ఒక రోజు హఠాత్తుగా మిగతా చేపలన్నింటినీ ఒక మూలకు తరిమేసింది. వెళ్ళి చూస్తే గాజు గోడకు ఆవగింజల కంటే చిన్న గుడ్లు వరసగా అంటించి ఉన్నాయి. తల్లీ తండ్రీ వాటిని వాజాలతో విసురుతూ కాపలా కాస్తున్నాయి. ఇది పిల్లల కోసం చేసే పోరాటం. గుడ్లు ఉన్నన్నాళ్ళు మంచి చేప కూడా చెడ్డ పొరుగే అవుతుంది. అంతకు ముందు ఆ తొట్టిలో కొన్ని నియాన్ టెట్రాలు మాయమయ్యాయట. అది పోరాటం కాదు, భోజనం! అమెజాన్ నదీ ప్రాంతపు ఏంజెల్ పెద్దదైతే నియాన్ వంటి సన్న చేపను మింగేస్తుంది.

మిర్యాలగూడలో ఒక అబ్బాయి పొలం కాలువలో దొరికిన కొర్రమీను పిల్లను తెచ్చి మా తొట్టిలో వేశాడు. వారం తిరిగేసరికి తొట్టిలో అదొక్కటే మిగిలింది. కొర్రమీను 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప. ఇది కూడా ఫైటర్‌లాగే పైకి వచ్చి గాలి పీల్చుతుంది, పిల్లల్ని గుంపుగా కాపాడుకుంటుంది. శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఈ రెంటినీ ఒకే క్రమంలో చేర్చారు, అంటే దూరపు చుట్టాలన్నమాట. కాని కొర్రమీను వేటాడి తినే చేప. రెండు మూడు అడుగులు పెరుగుతుంది. దానికి గాజు తొట్టి ఇల్లు కాదు, చెరువే ఇల్లు.

చూశారా? ఒకచోట ఇలాకా, ఒకచోట సంతానం, ఒకచోట ఆకలి. కారణం తెలిస్తేనే ఉపాయం తోస్తుంది. ఆకలికి చాటు రాళ్ళు పనికిరావు. నోట్లో పట్టే చేపను పక్కన ఉంచకపోవడమే దాని మందు.

కొనే ముందు ఐదు ప్రశ్నలు

దుకాణంలో రంగు చూసి వేలు చూపించే ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: అది ఫైటర్‌లా కనిపిస్తుందా? పొడుగు తోక, మెరిసే రంగు, విప్పారిన వాజాలు ఉన్న చేప వద్దు. మగ గప్పీలు వద్దు. ఫైటర్‌కు దగ్గరి చుట్టాలైన గౌరామీలు కూడా వద్దు. మరొక మగ ఫైటర్ మాట ఎత్తనే వద్దు.

రెండు: అది తొట్టిలో ఏ అంతస్తులో తిరుగుతుంది? ఫైటర్ పై అంతస్తు మనిషి. గూడు అక్కడే, గాలి అక్కడే, తిండి అక్కడే. అడుగున తిరిగే చేపతో దానికి తగాదా తక్కువ. కోరిడోరస్ అనే చిన్న మీసాల చేప, పాములా సన్నగా ఉండే కూలీ లోచ్ ఇటువంటివి.

మూడు: అది ఫైటర్‌ను ఏడిపిస్తుందా? మనం ఫైటర్ కోపం గురించే ఆలోచిస్తాం. కాని పొడుగు వాజాల ఫైటర్ నిదానంగా ఈదుతుంది. టైగర్ బార్బ్ వంటి చురుకు చేపలు గుంపుగా వచ్చి దాని వాజాలు కొరుక్కుతింటాయి. పేరు ఫైటరే గాని, అక్కడ దెబ్బలు తినేది అదే.

నాలుగు: దానికి ఎటువంటి నీరు కావాలి? ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీల వెచ్చని నీరు హాయి. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప. పైగా పెద్దగా పెరిగి తొట్టిని త్వరగా మురికి చేస్తుంది. కాబట్టి గొడవ పడకపోయినా ఇద్దరికీ పొత్తు కుదరదు. మన ప్రాంతపు బోరు నీరు చాలా చోట్ల కఠిన జలం. సబ్బు నురగ రాకపోవడం, బిందె అంచున తెల్లని పొర కట్టడం మీరు చూస్తూనే ఉంటారు. గప్పీ, మోలీ చేపలకు ఈ నీరు సరిపోతుంది. నియాన్ టెట్రా మృదు జలం నుంచి వచ్చింది. ఫైటర్ కొంతవరకు సర్దుకుంటుంది.

ఐదు: పెద్దయ్యాక ఎంతవుతుంది? దుకాణంలో చూసిన పిల్లను కాదు, ఎదిగిన చేపను ఊహించుకోండి. గాజుకు నోరు అంటించి పాకే సక్కర్ చేపను "తొట్టి శుభ్రం చేస్తుంది" అని అమ్ముతారు. అది అడుగుకు మించి పెరుగుతుంది!

తొట్టి లెక్క

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టి తీసుకుందాం. మూడింటినీ గుణిస్తే 54,000 ఘన సెంటీమీటర్లు, అంటే 54 లీటర్లు. అడుగున ఇసుక, పైన కొంత ఖాళీ పోను నీరు ఇంకా తక్కువే ఉంటుంది. ఇందులో ఒక మగ ఫైటర్, ఆరు కోరిడోరస్‌లు, ఒక నత్త చాలు. కోరిడోరస్‌లను ఒకటి రెండు కాకుండా ఆరు ఎందుకు? అవి గుంపు జీవులు. ఒంటరిగా ఉంటే బెదిరిపోయి మూలన దాక్కుంటాయి. వాటి మీసాలు గీసుకుపోకుండా నున్నని ఇసుక వేయండి.

మొక్కలు, రాళ్ళు, అడ్డంగా పడుకోబెట్టిన చిన్న మట్టి కుండ పెట్టండి. ఇవి అలంకారం కోసం కాదు. ఎదుటి చేప కంటికి కనబడకుండా చాటు ఇస్తాయి. పొలంలో ఉన్న గడ్డి తొట్టిలో లేదు కదా, దాని బదులు ఇవి.

ఇక ఎవరిని ముందు వేయాలి? తన వీధిలో కుక్క కూడా సింహమే. ముందు వచ్చిన చేప తొట్టినంతా తన ఇలాకా అనుకుంటుంది. కాబట్టి శాంత స్వభావం గల చేపల్ని ముందు వేసి, ఫైటర్‌ను చివర వేయాలి. ఫైటర్ ముందే ఉంటే దాన్ని కాసేపు బయటకు తీసి, రాళ్ళు, మొక్కలు స్థానం మార్చి, అందర్నీ కలిపి వేయాలి. సరిహద్దు గుర్తులు మారితే పాత యజమాని కూడా కొత్తవాడే.

కొత్త తొట్టిలో వెంటనే చేపలన్నీ వేయకండి. చేపల విసర్జనల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫైటర్ గాలి పీల్చగలదు కాబట్టి చిన్న సీసాలో పెట్టినా బతుకుతుంది అని కొందరంటారు. గాలి పీల్చగలిగితే అమ్మోనియా తప్పుతుందా? ఒంటరి ఫైటర్‌కైనా 20 లీటర్ల నీరు ఉంటే మంచిది.

మే నెలలో మన సూర్యాపేట ఎండ 42, 44 డిగ్రీలు తాకుతుంది. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా ఉంచండి. మూత కొద్దిగా తెరిచి నీటిపై ఫ్యాను గాలి తగలనివ్వండి. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. మంచు ముక్కలు మాత్రం వేయకండి.

అన్నీ సరిగా చేసినా ఒక్కొక్క ఫైటర్‌ది ఒక్కొక్క స్వభావం. అందుకే మొదటి రోజు గంటసేపు తొట్టి ముందు కూర్చోండి. ఒకసారి వాజాలు విప్పి ఊరుకుంటే భయం లేదు. వదలకుండా తరుముతుంటే, ఒక చేప మూలన నిలిచిపోయి తిండికి రాకపోతే, తోకలు చిరిగితే, వెంటనే వేరు చేయాలి. "రేపు సర్దుకుంటాయిలే" అనుకోవద్దు. నేను ఆదివారం సెలవు దినమంతా అలా వదిలేసినందుకే రెండు గప్పీలు పోయాయి. పక్కన ఒక బకెట్ నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

కాలువలో వదలకండి

పొత్తు కుదరని చేపను ఏం చేయాలి? చాలామంది దగ్గరి చెరువులోనో, సాగర్ కాలువలోనో, మూసీలోనో వదిలి పుణ్యం చేశామనుకుంటారు. అది పుణ్యం కాదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఈనాడు ఎన్నో చెరువుల్లో స్థానిక చేపల తిండినీ, గూళ్ళనూ ఆక్రమించింది. తొట్టెల నుంచి వదిలిన సక్కర్ చేపలు ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో జాలర్ల వలలను పాడుచేస్తున్నాయి. తొట్టిలో చెడ్డ పొరుగైనది చెరువులో మంచి పొరుగు అవుతుందా? దుకాణదారుకు తిరిగి ఇవ్వండి, లేదా పెంచగల స్నేహితుడికి ఇవ్వండి.

మా నీలి ఫైటర్ సంగతి అడుగుతారేమో. దాన్ని వేరే తొట్టిలోకి మార్చాం. కొన్ని నెలల తర్వాత ఆరు కోరిడోరస్‌లు వచ్చాయి. వాటిని కొన్నది గప్పీల అమ్మాయి. తొట్టి మీద ఆ పిల్లలు ఒక అట్ట ముక్క అంటించారు. దాని మీద రాసిన మాట ఇది: "కొత్త చేపను వేసే ముందు మా నోటు పుస్తకం చూడండి. సార్ అయినా సరే."

మీరూ చేసి చూడండి

ఫైటర్ ఉన్న తొట్టి పక్కన ఒక చిన్న అద్దం రెండు నిమిషాలు మాత్రం ఉంచండి. చేప ఏయే పనులు చేసిందో వరసగా రాయండి. అద్దం తీశాక మామూలుగా కావడానికి ఎంతసేపు పట్టింది? మరొక రోజు అద్దానికి బదులు రంగు కాగితం ముక్కలు ఒక్కొక్కటిగా చూపించండి. ఏ రంగుకు ఎలా స్పందించింది? మీ జవాబులను మిత్రుల జవాబులతో పోల్చండి. చేప అలిసిపోతే ఆ రోజుకు ప్రయోగం ఆపేయండి. చూసేవాడికి ఓపిక, చేపకు విశ్రాంతి, రెండూ అవసరమే.